‘పర్ఫెక్ట్ స్టార్మ్’: ఒక ఇంగ్లీషు జాతీయం – అర్థం, వినియోగం, తెలుగు అనువాదం

వ్యాససంగ్రహం

అనేక ప్రతికూలతలు ఒకే సమయంలో కూడి తెచ్చిపెట్టే విపత్తును ఇంగ్లీషు పత్రికాభాష ‘పర్ఫెక్ట్ స్టార్మ్’ అంటుంది. 1991లో అమెరికా ఈశాన్య తీరాన చెలరేగిన ఒక తుఫాను, దానిపై 1997లో వెలువడిన పుస్తకం, 2000లో వచ్చిన చలనచిత్రం ఈ పదబంధాన్ని జాతీయంగా స్థిరపరిచాయి. జరగబోయేదాని గురించి వాడినప్పుడు ఇది హెచ్చరికగానూ, జరిగిపోయినదాని గురించి వాడినప్పుడు సంజాయిషీగానూ పనిచేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘గోరుచుట్టు మీద రోకటిపోటు’ మొదలైన తెలుగు పలుకుబళ్లను దీనికి సమానార్థకాలుగా చూపడంలో ఎదురయ్యే చిక్కును, ఆ పలుకుబళ్ల మధ్యనే ఉన్న అర్థభేదాలను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: జాతీయం, సామెత, అనువాదం, పర్ఫెక్ట్ స్టార్మ్, తుఫాను, బాధ్యత, పత్రికాభాష

1. ప్రవేశిక

ఒక భాషలోని జాతీయానికి మరో భాషలో సమానార్థకం చూపమన్నప్పుడు అనువాదకులు సాధారణంగా వెతికేది భావసామ్యాన్ని. కష్టం మీద కష్టం అనే భావం కనిపించగానే తెలుగులో ‘గోరుచుట్టు మీద రోకటిపోటు’, ‘మూలిగే నక్క మీద తాటిపండు’, ‘పులి మీద పుట్ర’, ‘కరువులో అధికమాసం’ వంటివి స్ఫురిస్తాయి. వీటిలో ఏది వాడినా ఒకటేనన్న అభిప్రాయం కూడా స్థిరపడింది. అనువాద పాఠాల్లో ఇవన్నీ ఒకే గంపలో చేరుతుంటాయి. భావం వరకు ఇది తప్పు కాదు. అయితే జాతీయం భావాన్ని మాత్రమే మోయదు. ఆ కష్టం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది, దాన్ని ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారు అనే అంశాలను కూడా తన చిత్రంలో దాచుకుంటుంది. ‘పర్ఫెక్ట్ స్టార్మ్’ విషయంలో ఈ దాచుకున్న భాగమే ముఖ్యమైనది. గత మూడు దశాబ్దాలలో ఇంగ్లీషు రాజకీయ, ఆర్థిక వ్యవహారాల భాషలో దీనికి దక్కిన ఆదరణకు కారణం కూడా అదే.

2. పేరు పెట్టని తుఫాను

1991 అక్టోబరు చివరి వారంలో అట్లాంటిక్ సముద్రం మీద మూడు వాతావరణ వ్యవస్థలు ఒకదానికొకటి చేరువయ్యాయి. అమెరికా ఈశాన్య తీరాన్ని దాటి సముద్రం మీదికి సాగిన శీతల వాయు వ్యవస్థ వెంట ఒక అల్పపీడనం ఏర్పడింది. కెనడా మీద బలమైన అధికపీడనం నిలిచి ఉంది. బెర్ముడా ప్రాంతం నుంచి ‘గ్రేస్’ అనే హరికేన్ తేమను, వేడిమిని మోసుకొచ్చి ఆ అల్పపీడనంలో లీనమయింది. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ అపూర్వం కాదు. అవి కలిసిన తీరు వల్ల ఏర్పడిన తుఫాను మాత్రం అసాధారణమైనది. నోవా స్కోషియా తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న ఒక కొలతల బోయా 30 మీటర్లకు పైబడిన అలను నమోదు చేసింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్లాస్టర్ రేవు నుంచి కత్తిచేపల వేటకు వెళ్లిన ‘ఆండ్రియా గెయిల్’ అనే మరపడవ ఆరుగురు మనుషులతో సహా అదృశ్యమయింది. ఆ పడవ నుంచి చివరి సమాచారం అందినది అక్టోబరు 28న.

ఈ తుఫాను కేంద్రంలో నవంబరు 1 నాటికి మళ్లీ హరికేన్ లక్షణాలు ఏర్పడ్డాయి. అయినా అమెరికా వాతావరణ శాఖ దానికి పేరు పెట్టలేదు. తీరం అప్పటికే తుఫాను నష్టంతో సతమతమవుతున్నందున, కొత్త పేరుతో మరో తుఫాను వస్తున్నదన్న గందరగోళం ప్రజల్లో కలగకూడదన్నది అందుకు కారణం. అధికారికంగా పేరు లేని తుఫానుకు పేరు పుస్తకం నుంచి వచ్చింది. బోస్టన్ వాతావరణ కార్యాలయంలో పనిచేసిన బాబ్ కేస్‌తో జరిపిన సంభాషణల నుంచి రచయిత సెబాస్టియన్ యంగర్ ‘పర్ఫెక్ట్ స్టార్మ్’ అన్న మాటను తీసుకొని 1997లో వెలువడిన తన గ్రంథానికి శీర్షికగా పెట్టాడు. ఇంతకంటే ప్రతికూలంగా కూడడం సాధ్యం కాని తుఫాను అన్నది అతని ఉద్దేశం. 2000లో వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ దర్శకత్వంలో అదే పేరుతో చలనచిత్రం వచ్చింది. అక్కడి నుంచి ఈ మాట సముద్రాన్ని విడిచి భూమి మీదికి వచ్చేసింది.

పదబంధం అంతకు ముందే లేకపోలేదు. విలియం థాకరే ‘వానిటీ ఫెయిర్’ నవలలో ఇదే పదబంధం ఉంది. అక్కడ అది సానుభూతి వెల్లువను సూచిస్తుంది, విపత్తును కాదు. 1936లో టెక్సాస్‌లోని ఒక పత్రిక వరదల వార్తలో వాతావరణ కార్యాలయం ఈ మాట వాడినట్లు, ఏడు కారణాలు గొలుసుకట్టుగా కూడినట్లు రాసింది. నేటి అర్థానికి బీజం ఆ వార్తలో కనిపిస్తుంది. అయితే పుట్టుక వేరు, ప్రచారం వేరు. పుస్తకం, చిత్రం లేకపోతే ఇది వాతావరణ శాస్త్రజ్ఞుల మాటగానే మిగిలిపోయేది.

3. ‘పర్ఫెక్ట్’ అన్న విశేషణం

తెలుగు చేసేటప్పుడు మొదట తడబడేది ఈ విశేషణం దగ్గరే. ‘పరిపూర్ణ తుఫాను’, ‘సంపూర్ణ తుఫాను’ అనే అనువాదాలు నిఘంటువును నమ్మి చేసినవి. తెలుగులో ‘పరిపూర్ణం’ అన్న మాటకు మెచ్చుకోలు అంటిపెట్టుకొని ఉంటుంది. పరిపూర్ణ జీవితం, పరిపూర్ణ వ్యక్తిత్వం అంటాము గాని పరిపూర్ణ నష్టం అనము. ఇంగ్లీషులో ‘పర్ఫెక్ట్’కు మెచ్చుకోలుతో నిమిత్తం లేని మరో అర్థం ఉంది. ‘పర్ఫెక్ట్ ఫూల్’, ‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్’ అన్నప్పుడు అది లోపరాహిత్యాన్ని కాక, ఆ గుణం కలగలుపు లేకుండా ఉండడాన్ని తెలుపుతుంది. తెలుగులో ఆ పని చేసేవి ‘శుద్ధ’, ‘పరమ’, ‘పచ్చి’, ‘వట్టి’ వంటి మాటలు. శుద్ధ మూర్ఖుడు, పరమ లోభి, పచ్చి అబద్ధం. ఈ లెక్కన ‘పరిపూర్ణ తుఫాను’ కంటే ‘శుద్ధ తుఫాను’ సరైన అనువాదం కావాలి. అలా రాస్తే పాఠకుడు నవ్వుకుంటాడన్నది వేరే సంగతి. విశేషణానికి విశేషణం, నామవాచకానికి నామవాచకం అమర్చే పద్ధతి జాతీయాల దగ్గర పనికిరాదనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ అవసరం లేదు.

విశేషణం కన్నా లోతైన చిక్కు క్రియ దగ్గర ఉంది. ఈ జాతీయం సారమంతా ‘అనేకం కలిసిరావడం’లో ఉంది. కాని తెలుగులో ‘కలిసిరావడం’ అదృష్టానికి పేరు. ‘వాడికి కాలం కలిసొచ్చింది’, ‘ఆ వ్యాపారం కలిసిరాలేదు’ అనే వ్యవహారంలో కలిసిరావడమే మేలు, కలిసిరాకపోవడమే కీడు. అందువల్ల ‘అనేక అంశాలు కలిసివచ్చి సంక్షోభం ఏర్పడింది’ అన్న వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమైనా తెలుగు చెవికి అపశ్రుతిగా వినిపిస్తుంది. చెడు కూడినప్పుడు తెలుగు వేరే క్రియలను ఆశ్రయిస్తుంది: ‘కష్టాలు కట్టగట్టుకొని వచ్చాయి’, ‘అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి’, ‘దెబ్బ మీద దెబ్బ తగిలింది’. మొదటిదానిలో కట్ట ఉంది, రెండోదానిలో బరువు ఉంది, మూడోదానిలో వరుస ఉంది. ఇంగ్లీషు జాతీయంలోని సంగమం అనే భావానికి వీటిలో దగ్గరగా వచ్చేది ‘కట్టగట్టుకొని రావడం’.

4. పుస్తకంలోని పడవ, జాతీయంలోని తుఫాను

పుస్తకాన్ని చదివినవారికి, శీర్షికను మాత్రమే విన్నవారికి మధ్య ఒక అంతరం ఉంది. యంగర్ గ్రంథంలో తుఫాను ఒక్కటే కథ కాదు. కత్తిచేపల వేట ఆర్థికం, దూరంగా ఉన్న చేపల నెలవులకు వెళ్లక తప్పని పరిస్థితి, పట్టిన చేప చెడిపోకుండా ఉంచే ఐస్ యంత్రం పాడవడం, పడవకు తర్వాతి కాలంలో చేసిన మార్పులు దాని నిలకడ మీద చూపగల ప్రభావం – వీటన్నిటికీ అందులో చోటు ఉంది. యంత్రం పనిచేస్తూ ఉంటే తుఫాను తగ్గేవరకు ఆగడం సులువయ్యేది. సరుకు చెడిపోతే నెలరోజుల శ్రమ వృథా అవుతుంది. అంటే ఆరుగురి మరణానికి దారితీసిన పరిస్థితుల్లో మూడు వాతావరణ వ్యవస్థలతో పాటు మార్కెట్టు ధర, యంత్రం, పడవ నిర్మాణం, మనుషుల నిర్ణయం కూడా ఉన్నాయి. జాతీయంగా మారే క్రమంలో ఇవన్నీ రాలిపోయి ఆకాశం మాత్రమే మిగిలింది.

చలనచిత్రం విషయంలో దీనికి విపర్యయం జరిగింది. పడవ కెప్టెన్‌ను దుస్సాహసిగా, పనిలో వెనుకబడిన నిస్పృహతో సిబ్బందిని ప్రమాదంలోకి నడిపినవాడిగా చిత్రించారని అతని కుటుంబసభ్యులు నిర్మాణ సంస్థపై దావా వేశారు. వ్యక్తి పేరును, రూపాన్ని వాణిజ్య ప్రయోజనానికి వాడుకోవడాన్ని నిషేధించే ఫ్లోరిడా చట్టం చలనచిత్రానికి వర్తించదని 2005లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయపరమైన ప్రశ్న అక్కడితో ముగిసింది. సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్న మాత్రం మిగిలి ఉంది. శీర్షిక తప్పంతా తుఫానుకు ఇస్తుంది; కథ అందులో కొంత మనిషికి తిరిగి ఇస్తుంది. మృతుల కుటుంబం శీర్షికతో కాక కథతో తగవు పడింది. ‘పర్ఫెక్ట్ స్టార్మ్’ అనే మాటలో మనిషిని నిర్దోషిని చేసే శక్తి ఎంత ఉందో ఈ తగవే సూచిస్తుంది.

5. ముందు అన్నమాట, తర్వాత అన్నమాట

ఈ జాతీయం వినియోగాన్ని పరిశీలిస్తే రెండు ధోరణులు తేటపడతాయి. వాటిని వేరుచేసేది కాలం.

2009 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు జాన్ బెడింగ్టన్ 2030 నాటికి ప్రపంచానికి ఆహారం, ఇంధనం సుమారు 50 శాతం, మంచినీరు సుమారు 30 శాతం అదనంగా అవసరమవుతాయని, వాతావరణ మార్పు కూడా తోడై ‘పర్ఫెక్ట్ స్టార్మ్’ ఏర్పడగలదని హెచ్చరించాడు. ఇక్కడ జాతీయం భవిష్యత్తును చూస్తున్నది. ఒక్కొక్క శాఖ తన సమస్యను విడిగా చూసుకుంటే చాలదని, అవి కూడే చోటును ఇప్పుడే చూడాలని చెబుతున్నది. వాతావరణ శాస్త్రజ్ఞుడి చూపు ఇది. వినేవారిని పనికి పురికొల్పే మాట ఇది.

2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ అమెరికా దక్షిణ తీరాన్ని తాకింది. న్యూ ఆర్లీన్స్ నగరపు కరకట్టలు తెగి నగరంలో అధికభాగం మునిగింది. ఆ తుఫాను వల్ల వెయ్యిమందికి పైగా మరణించారు. సహాయక చర్యలలోని జాప్యంపై విమర్శలు వెల్లువెత్తుతున్న సమయంలో, సెప్టెంబరు 3న అమెరికా అంతర్గత భద్రతాశాఖ మంత్రి మైకేల్ చెర్టాఫ్ ఈ విపత్తుల కలయికను ‘పర్ఫెక్ట్ స్టార్మ్’గా వర్ణించాడు. ప్రణాళికలు వేసేవారి ముందుచూపునకు, బహుశా ఎవరి ముందుచూపునకైనా అందనిదన్నది అతని మాటల భావం. ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. 2004 జూలైలోనే లూసియానా రాష్ట్రంలో ‘పామ్’ అనే కల్పిత హరికేన్ పేరుతో ప్రభుత్వ సంస్థలు విపత్తు నిర్వహణ కసరత్తు చేశాయి. న్యూ ఆర్లీన్స్ మునగడం ఆ కల్పనలో భాగమే. 2002లో ఆ నగరపు దినపత్రిక ‘టైమ్స్-పికయూన్’ ఇదే ప్రమాదంపై వరుస కథనాలు ప్రచురించింది. కరకట్టల రూపకల్పనలోనే లోపాలున్నాయని వాటిని నిర్మించిన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ 2006లో అంగీకరించింది. ముందుచూపునకు అందనిదన్న విపత్తును ఏడాది క్రితమే కాగితం మీద ఆడి చూశారన్నమాట.

ఒకే జాతీయం, ఒకే అర్థం. బెడింగ్టన్ నోట అది బాధ్యతను పిలిచింది. చెర్టాఫ్ నోట అది బాధ్యతను సాగనంపింది. నిఘంటువు ఈ తేడాను చెప్పదు, చెప్పనవసరమూ లేదు. కాని విమర్శకుడికి, అనువాదకుడికి ఇదే అసలు విషయం. 2008 ఆర్థిక సంక్షోభకాలంలో ఈ మాట మరింత విస్తరించింది. అప్పులిచ్చిన బ్యాంకులు, వాటికి మంచి రేటింగులు కట్టిన సంస్థలు, నియంత్రించవలసిన ప్రభుత్వాలు అన్నీ మానవ నిర్మితాలే అయినా తుఫాను అన్న రూపకం వాటిని మేఘాలుగా మార్చివేసింది. విసుగెత్తించేంతగా వాడుతున్నారన్న కారణంతో మిషిగన్‌లోని లేక్ సుపీరియర్ స్టేట్ యూనివర్సిటీ ఏటా సరదాగా ప్రకటించే ‘బహిష్కరించవలసిన మాటల’ జాబితాలో 2008కి ఇది చోటు సంపాదించుకుంది. ఆ జాబితా ఫిర్యాదు అతివాడుక గురించి. అంతకు మించిన ఫిర్యాదుకు తావుంది.

6. తెలుగు పలుకుబళ్లు: రెండో దెబ్బ ఎక్కడిది?

తెలుగులో కష్టం మీద కష్టాన్ని చెప్పే పలుకుబళ్లు చాలావరకు ‘మీద’ అనే విభక్త్యర్థక పదం చుట్టూ నిర్మితమయ్యాయి. ఇంగ్లీషు జాతీయంలో కష్టాలు పక్కపక్కన వచ్చి కలుస్తాయి. తెలుగులో ఒకదానిపై ఒకటి పడతాయి. మొదటి కష్టం అప్పటికే అక్కడ ఉంటుంది. అది గోరుచుట్టు కావచ్చు, నక్క మూలుగు కావచ్చు. చిత్రంలో కేంద్రం బాధపడే శరీరం. పర్ఫెక్ట్ స్టార్మ్‌లో బాధపడే శరీరం అసలు కనిపించదు. అది ఉపగ్రహచిత్రంలా పైనుంచి చూసిన దృశ్యం. ఇది మొదటి తేడా. అందరికీ తోచేదే.

అంతగా పట్టించుకోని తేడా మరొకటి ఉంది. అది తెలుగు పలుకుబళ్లలోనే ఒకదానికి మరొకదానికి మధ్య ఉన్న తేడా.

‘మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు’ అన్నప్పుడు పండు తనంతట తానే రాలింది. చెట్టుకు నక్క మీద పగ లేదు, దానిని రాల్చినవారు లేరు. నక్క ఆ క్షణాన ఆ చెట్టు కింద ఉండడం కేవలం యాదృచ్ఛికం. నూటికి నూరుపాళ్లు దైవికమైన కష్టాన్ని చెప్పడానికి ఇది తగిన సామెత.

‘గోరుచుట్టు మీద రోకటిపోటు’ అలాంటిది కాదు. గోరుచుట్టు దానంతట అది వచ్చిన బాధే. రోకలి మాత్రం దానంతట అది పడదు. రోకలి వెనుక ఒక చేయి ఉండాలి. రోట్లో దంచేటప్పుడు ఒకరు పోటు వేస్తుంటే మరొకరు చెదిరిన గింజలను చేత్తో లోపలికి తోయడం దంపుడు పనిలో మామూలే. ఆ తోసే చేతికి గోరుచుట్టు ఉంటే, పోటు వేసేవారు చూసుకోకపోతే ఏమవుతుందో సామెత పుట్టిన ఇంట్లో అందరికీ తెలుసు. పోటు వేసినవారిని సామెత నిందించదు, అలాగని దాచిపెట్టదు కూడా. పని, పనిముట్టు, ఏమరుపాటు మూడూ ఆ చిత్రంలో ఉన్నాయి. తాటిపండుకు, రోకటికి ఉన్న ఈ భేదాన్ని విస్మరించి రెంటినీ పర్యాయపదాలుగా చూపడం తొందరపాటు.

‘కరువులో అధికమాసం’ మరో తీరుది. ఇందులో ‘మీద’ లేదు, ‘లో’ ఉంది. కరువు అనే కాలంలోపల మరికొంత కాలం ఇరుక్కుంది. చాంద్రమానానికీ సౌరమానానికీ వచ్చే తేడాను సరిపుచ్చడానికి సుమారు 32 నెలలకు ఒకసారి అధికమాసం వస్తుంది. పన్నెండు నెలలకు చాలని గింజలతో పదమూడు నెలలు గడపవలసిరావడం ఇందులోని కష్టం. కరువు ఎప్పుడు వస్తుందో చెప్పలేకపోవచ్చు గాని అధికమాసం ఎప్పుడు వస్తుందో పంచాంగం ముందే చెబుతుంది. అది ఎవరికీ ఆశ్చర్యం కలిగించే విషయం కాదు. రెండు కష్టాలలో ఒకటి లెక్కకు అందినది, ముందే తెలిసినది. అయినా సిద్ధంగా లేకపోవడం వల్ల కష్టమైనది. తెలుగు సామెతలలో ముందుచూపు ప్రశ్నను ఇంత నిశ్శబ్దంగా లేవనెత్తినది మరొకటి కనిపించదు.

‘అసలే కోతి, ఆపై కల్లు తాగింది, అందుమీద తేలు కుట్టింది’ అనేదాన్ని కొందరు ఈ వరుసలో చేరుస్తారు. కారణాల సంఖ్య రెంటికి పరిమితం కాకపోవడంలో ఇది పర్ఫెక్ట్ స్టార్మ్‌కు దగ్గరగా కనిపిస్తుంది. అయితే ఈ సామెతకు కోతి బాధ పట్టదు; కోతి చేయబోయే అల్లరి పడుతుంది. జాలికి కాక హేళనకు పనికివచ్చే సామెత ఇది. ఇక ‘పులి మీద పుట్ర’లో చిత్రం మసకబారింది. ‘పుట్ర’ నేటి వ్యవహారంలో ఒంటరిగా వినిపించదు. ‘పురుగూ పుట్రా’ అనే జంటలోనూ, ఈ జాతీయంలోనూ మాత్రమే బతికి ఉంది. చిత్రం మసకబారడం వల్ల అది ఏ సందర్భానికైనా ఒదిగిపోతుంది. పత్రికల శీర్షికలకు అది అనుకూలించడానికి ఇదొక కారణం కావచ్చు.

అంటే ఇంగ్లీషు ఒకే చిత్రంలో కలిపివేసిన విషయాన్ని తెలుగు విడదీసి చెబుతున్నది. రెండో దెబ్బ చెట్టు నుంచి వచ్చిందా, చేతి నుంచి వచ్చిందా, పంచాంగం నుంచి వచ్చిందా అన్న ప్రశ్నకు సమాధానం తెలియకుండా తెలుగు సామెతను ఎన్నుకోవడం కుదరదు. ఎన్నుకున్న మరుక్షణం అనువాదకుడు ఆ సంఘటనపై తీర్పు చెప్పినట్లే.

7. తుఫాను తెలిసిన తీరం

జాతీయాన్ని అలాగే ఉంచి ‘తుఫాను’ అన్న చిత్రాన్ని నిలుపుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. ఇంగ్లీషు పాఠకులలో చాలామందికి సముద్రపు తుఫాను పుస్తకంలోనో తెరమీదనో చూసినది. కోస్తా తెలుగువారికి అది ఇంటి సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మృతుల సంఖ్య పదివేలకు తక్కువ కాదు. 1990 మే నెలలో దాదాపు అంతే తీవ్రతగల తుఫాను కృష్ణా డెల్టా ప్రాంతాన్ని తాకినప్పుడు మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉంది. గాలి వేగంలో పెద్ద తేడా లేదు. నడుమ కట్టిన తుఫాను షెల్టర్లు, ముందుగా జనాన్ని తరలించడం ఆ తేడాకు ప్రధాన కారణాలు. ప్రాణనష్టాన్ని తుఫాను ఒక్కటే నిర్ణయించదని ఈ తీరానికి అనుభవపూర్వకంగా తెలుసు.

భాషలో కూడా ఆ అనుభవం నిక్షిప్తమై ఉంది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను అనే మెట్లు నేడు వార్తలు వినే ఎవరికైనా పరిచితమే. మచిలీపట్నం, కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారన్న వాక్యం లేకుండా తెలుగులో తుఫాను వార్త పూర్తి కాదు. కనుక తెలుగులో తుఫాను హఠాత్తుగా ఊడిపడేది కాదు. మెట్లెక్కుతూ, చెప్పి వచ్చేది. ‘ఆర్థిక తుఫాను’ అని రాసినప్పుడు ఎన్నో నంబరు జెండా ఎప్పుడు ఎగరేశారన్న ప్రశ్న తెలుగు పాఠకుడికి పుట్టడానికి అవకాశం ఉంది. ఇంగ్లీషులో సంజాయిషీగా పనికివచ్చిన రూపకం తెలుగులో అడ్డం తిరగవచ్చు.

సాహిత్యంలో మరో కోణం ఉంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు కథ ‘గాలివాన’ ఇంగ్లీషులోకి ‘సైక్లోన్’గా వెళ్లింది. ఆ కథలో గాలివాన కష్టాల కూడిక కాదు. నియమాలతో జీవితాన్ని కట్టుకున్న ఒక పెద్దమనిషి ఆ నియమాలు ఎంతవరకు నిలుస్తాయో తెలుసుకునే రాత్రి. తుఫాను మనిషిని నిర్దోషిని చేయడం అటుంచి, అతన్ని అతనికే చూపిస్తుంది. తెలుగు తుఫాను ఇంగ్లీషులోకి వెళ్లిన దారి, ఇంగ్లీషు తుఫాను తెలుగులోకి వస్తున్న దారి ఒకటి కావు.

8. ఒక వాక్యం, కొన్ని అనువాదాలు

చెర్టాఫ్ మాటల సారాన్ని తెలుగు చేయవలసివచ్చిందనుకుంటే అనువాదకుడి ముందు కనీసం నాలుగు దారులు ఉంటాయి. ‘విపత్తులన్నీ కట్టగట్టుకొని వచ్చాయి, ఎవరూ ఊహించగలిగేది కాదు’ అన్నది వాటిలో తటస్థమైనది. కష్టాలే కర్తలు, మనుషులు లేరు. ‘మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది’ అంటే వక్త ఉద్దేశం ఇంకా స్పష్టమవుతుంది, పండు రాలింది, అంతే. ‘గోరుచుట్టు మీద రోకటిపోటు’ అంటే కరకట్టల రూపకల్పన చేసిన చేతులు చిత్రంలోకి వస్తాయి. ‘కరువులో అధికమాసం’ అంటే 2004 నాటి కసరత్తు గుర్తుకు వస్తుంది. పంచాంగంలో ఉన్నది పంచాంగం ప్రకారమే వచ్చింది.

చివరి రెండూ సంఘటనకు న్యాయం చేస్తాయి. కాని వక్తకు అన్యాయం చేస్తాయి. అతను అనని మాటను అతని నోట పెడతాయి. తప్పించుకోవాలనుకున్నవాడి చేత తప్పు ఒప్పించడం అనువాదకుడి అధికారం కాదు. ఈ చిక్కుకు తెలుగు వ్యాకరణంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది: క్రియకు చివర చేరే ‘ట’. ‘అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయట, ఎవరి ఊహకూ అందలేదట.’ మాట వక్తదే, పూచీ కూడా వక్తదే. అనువాదకుడు దానిని మోసుకొచ్చాడు గాని దానికి హామీ ఇవ్వలేదు. ఇంగ్లీషులో ఈ పనికి వేరే ఉపవాక్యమో, ఉల్లేఖన చిహ్నమో కావాలి. అయితే వార్తారచనలో ‘ట’ వ్యంగ్యంగా వినిపించే ప్రమాదం ఉంది కనుక అక్కడ దానిని మితంగానే వాడగలం. అలాంటి చోట తాటిపండును వక్తకే విడిచిపెట్టి, కరకట్టల సంగతిని, కసరత్తు సంగతిని తరువాతి వాక్యంలో తేదీలతో సహా రాయడం మేలు.

బెడింగ్టన్ వాక్యానికి ఇంత మథనం అవసరం లేదు. అతను చెప్పినది 2030 గురించి. దానికి అధికమాసం చక్కగా సరిపోతుంది.